గంటకు జీతం, మిగతాదంతా చాకిరీ: తిరుపతి పార్ట్‌టైమ్ అధ్యాపకుల లెక్క ఎక్కడ తప్పుతోంది

తిరుపతిలో అద్దెకు ఇల్లు వెతుక్కునేవాళ్లకు ఓనర్లు వేసే ప్రశ్నలు రెండు. "ఏం చేస్తుంటారు?" అనేది మొదటిది. యూనివర్సిటీలో పాఠాలు చెప్తానంటే ముఖం వికసిస్తుంది, కూర్చోమంటారు. ఆ వెంటనే రెండోది, "పర్మనెంటేనా?" ఆ ప్రశ్న పడ్డాక ఎదుటి మనిషికి పీహెచ్‌డీ ఉందా, ఎన్నేళ్లుగా చెప్తున్నాడు, ఎంత బాగా చెప్తాడు అన్నవన్నీ పక్కకు పోతాయి. ఓనర్‌కు బాగా తెలిసిన ఈ తేడా క్లాసులో కూర్చున్న పిల్లలకు మాత్రం తెలియదు. వాళ్లకు ఇద్దరూ సార్లే, ఇద్దరూ మేడమ్‌లే.

ఈ ఊరు గుడికి ఎంత పేరుపడిందో చదువుకూ అంత పేరుపడింది. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది, 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 2005లో పశువైద్య విశ్వవిద్యాలయం, ఆ మరుసటేడు వేద విశ్వవిద్యాలయం, 2015లో ఒకేసారి ఐఐటీ, సైన్స్ చదువుల కేంద్ర సంస్థ ఐసర్. పాత సంస్కృత విద్యాపీఠం 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. చిత్తూరు జిల్లా అంచున కుప్పంలో 1997 నుంచి ద్రవిడ విశ్వవిద్యాలయం ఉంది. వీటికి టీటీడీ డిగ్రీ కాలేజీలు, ఊరి చుట్టూ ఉన్న ఇంజినీరింగ్ కాలేజీలు కూడా కలుపుకుంటే, ఇంత చిన్న చుట్టుకొలతలో ఇన్ని చోట్ల చదువు దొరికే ఊళ్లు రాష్ట్రంలో ఎక్కువ లేవు. ఇన్ని సంస్థలుంటే పీజీలు, పీహెచ్‌డీలు చేసి ఇక్కడే ఉండిపోయినవాళ్లు కూడా ఎక్కువే ఉంటారు కదా. పార్ట్‌టైమ్ పద్ధతి నడిచేదే వాళ్ల మీద. ఒకరు కాదంటే ఇంకొకరు దొరుకుతారనే ధీమా ఉన్నచోట జీతం పెరగదు, కాగితం చేతికి రాదు.

ముందు పేర్ల సంగతి చూద్దాం. గెస్ట్ ఫ్యాకల్టీ, పార్ట్‌టైమ్ లెక్చరర్, కాంట్రాక్టు, అవర్లీ బేసిస్, అన్నిటికన్నా మన సీమ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువగా వినపడే "అకడమిక్ కన్సల్టెంట్". పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నది ఈ చివరి దానికి అతికినట్టు సరిపోతుంది. కన్సల్టెంట్ అంటే మామూలుగా ఎప్పుడో వచ్చి సలహా చెప్పి, బిల్లు తీసుకుని వెళ్లిపోయే మనిషి. ఇక్కడి కన్సల్టెంటు పొద్దున మొదటి పీరియడ్‌కు రావాలి, అటెండెన్స్ వేయాలి, ఇంటర్నల్స్ పెట్టాలి, ఇన్విజిలేషన్‌కు నిలబడాలి, కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ బృందం వస్తోందంటే ఫైళ్లు కూడా సర్దాలి. గెస్ట్ అన్న మాటా అంతే. పదేళ్లుగా రోజూ వచ్చేవాణ్ణి ఎవరూ చుట్టం అనరు.

ఈ అధ్యాపకుల గురించి చర్చ ఎక్కడ మొదలైనా చివరికి రెగ్యులరైజేషన్ దగ్గరే ఆగుతుంది. ధర్నా అయినా, వినతిపత్రం అయినా, ఎన్నికల హామీ అయినా అదే మాట. ఆ కోరికలో తప్పేం లేదు. కానీ అది ప్రభుత్వం, ఆర్థిక శాఖ, కోర్టులు, రోస్టర్ (ఏ పోస్టు ఏ రిజర్వేషన్ వర్గానికో చెప్పే వరస) అన్నీ కలిసొస్తేనే తీరే కోరిక. అది తీరేదాకా మిగతావి అడగకూడదన్నట్టు ఒక అలవాటు పడిపోయింది, యాజమాన్యాలకూ అదే కావాలి. అసలు సమస్య ఇంకాస్త కింద ఉంది. ఈ ఉద్యోగంలో జీతం గంటల లెక్కన, పని మాత్రం నెలల లెక్కన. ఈ రెండు లెక్కలు కలవనంత కాలం జీతం కొద్దికొద్దిగా పెంచినా ఒరిగేది తక్కువ.

లెక్కే వేసి చూద్దాం, ఎందుకంటే ఇందులో చాలామంది గమనించని తిరకాసు ఒకటి ఉంది. గెస్ట్ ఫ్యాకల్టీకి క్లాసుకు 1,500 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 50,000 అని విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ 2019 జనవరిలో చెప్పింది. అంతకుముందు అది క్లాసుకు 1,000, నెలకు 25,000. అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు పాఠం చెప్పాలన్నది యూజీసీ నిబంధనే, ఏడాదికి 30 వారాలు బోధన జరగాలన్నదీ యూజీసీ నిబంధనే. పదహారు ముప్పైలు 480 క్లాసులు. క్లాసుకు 1,500 చొప్పున 7,20,000. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మొదటి బేసిక్ నెలకు 57,700, అంటే ఏడాదికి 6,92,400. చూశారా, క్లాసు రేటు దాదాపు సరిగ్గానే కుదిరింది. అయితే దాని పక్కనే నెలకు 50,000 దాటకూడదనే ముక్క ఒకటుంది. పూర్తి వర్క్‌లోడ్ ఉన్న మనిషికి నెలకు 64 క్లాసులు పడితే 34వ క్లాసుకే ఆ గీత వచ్చేస్తుంది, మిగతా 30 క్లాసులు ఉచితం. 30 వారాలంటే ఏడు నెలలు అనుకుంటే చేతికి వచ్చేది మూడున్నర లక్షలు, పన్నెండు నెలలకు పంచితే నెలకు ముప్పై వేలు కూడా కాదు. రేటు ఇచ్చిన చేతితోనే సగం లాగేసుకున్నట్టయింది. పైగా ఇది గరిష్ఠ పరిమితి, కాబట్టి దాని కింద ఎంత పెట్టుకోవాలన్నది సంస్థల ఇష్టం.

వారానికి ఎనిమిది గంటలే చెప్పే మనిషికి ఈ రేటు పూర్తిగా అందితే మాత్రం అంత అన్యాయం జరగదు, సగం పోస్టుకు సగం బేసిక్ వచ్చినట్టే ఉంటుంది. నిజంగా అతిథిగా వచ్చేవాళ్ల కోసం, అంటే వేరే ఉద్యోగం ఉండి వారానికి రెండు మూడు సార్లు వచ్చి చెప్పి వెళ్లే లాయరో ఆడిటరో ఇంజినీరో అయితే వాళ్ల కోసం తయారైన పద్ధతి ఇది. దాన్ని తెచ్చి ఖాళీ పోస్టు మొత్తాన్ని ఒక్క మనిషి నెత్తిన పెట్టి నడపడానికి వాడుతున్నారు.

ఇంకో అంకె కూడా యూజీసీ నిబంధనల్లోనే ఉంది. పూర్తికాలపు అధ్యాపకుడి పని వారానికి 40 గంటలు. అందులో క్లాసు 16 గంటలైతే, మిగతా 24 గంటలు ప్రిపరేషన్, పేపర్లు దిద్దడం, పిల్లలతో మాట్లాడటం, పరిశోధన, ఆఫీసు పని అని యూజీసీయే ఒప్పుకున్నట్టు లెక్క. రెగ్యులర్ అధ్యాపకుడికి ఆ నలభై గంటలకూ జీతం ఉంది. గంటల లెక్కన పనిచేసేవాళ్లకు ఆ 24 గంటలు కాగితం మీద లేనే లేవు. కానీ పని ఎక్కడికి పోతుంది? అరవై మంది ఉన్న సెక్షన్‌లో సెమిస్టర్‌కు రెండు ఇంటర్నల్స్ అంటే 120 పేపర్లు, ఒక్కోటి పది నిమిషాల్లో దిద్దినా ఇరవై గంటలు, అదీ ఒక్క సబ్జెక్టుకే. కొత్త సబ్జెక్టు ఇస్తే గంట పాఠానికి మూడు గంటలు కూర్చోవాలి. సిలబస్ మారిన ఏడాది ఇది మరీ ఎక్కువ, సీనియర్లు వద్దన్న సబ్జెక్టులు తిరిగి తిరిగి వచ్చి పడేది కన్సల్టెంట్ల టైమ్ టేబుల్‌లోనే కాబట్టి.

గంటల జీతంలో ఇంకో ఇబ్బంది, క్లాసు ఎందుకు జరగకపోయినా కోత పడేది వాళ్లకే. బంద్ అయినా, సెలవు ప్రకటించినా, పిల్లలు ఫెస్ట్‌కు పోయినా అంతే. 2021 నవంబరులో వానలకు తిరుపతి మునిగినప్పుడు నెల జీతగాళ్లకు అది సెలవు, గంటల జీతం మీద ఉన్నవాళ్లకు అది కోత. ఏటా వచ్చే వరద ఇంకోటుంది, అది వేసవి. పరీక్షలు కాగానే నియామక ఆర్డరు గడువు అయిపోతుంది. గంగమ్మ జాతర జరిగే మే నెలలో చేతిలో జీతం ఉండదు, జూన్‌లో పిల్లల స్కూలు ఫీజులు కట్టాలి, కొత్త ఆర్డరు ఎప్పుడొస్తుందో తెలియదు. మధ్యలో కొన్ని రోజులు కావాలని బ్రేక్ ఇవ్వడం కూడా ఉంది, సర్వీసు వరసగా ఉందని రేపు ఎవరూ కోర్టులో చెప్పకుండా.

అందుకే ఒక్క చోట చెప్పి బతకలేరు. పొద్దున ఎయిర్ బైపాస్ రోడ్డు పక్కన రెండు పీరియడ్లు, మధ్యాహ్నం కరకంబాడి రోడ్డులో ఇంకో కాలేజీ, సాయంత్రం కోచింగ్ సెంటర్‌లో గ్రూప్స్ పిల్లలకు హిస్టరీ. కొందరు చిత్తూరుకో శ్రీకాళహస్తికో బస్సెక్కుతారు. అమెరికాలో ఇలా కాలేజీ నుంచి కాలేజీకి కారులో తిరిగే పార్ట్‌టైమ్ లెక్చరర్లకు ఫ్రీవే ఫ్లయర్లు అని పేరు. మన దగ్గర పల్లెవెలుగు బస్సు, అంతే తేడా. ఇలా తిరిగే మనిషిని క్లాసయ్యాక పట్టుకుని సందేహం అడగాలంటే విద్యార్థికి దొరకడు. కూర్చోవడానికి గది లేదు, ఉన్నా తర్వాతి బస్సుకు టైమైపోతుంది. అధ్యాపకుల కష్టం విద్యార్థులకు ఎలా తగులుతుందో దీన్ని మించిన ఉదాహరణ అక్కర్లేదు.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి, బాగానే ఉన్నాయి. 2018 యూజీసీ రెగ్యులేషన్ల ప్రకారం కాంట్రాక్టు నియామకాలు తప్పనిసరైతేనే చేయాలి, మొత్తం అధ్యాపక పోస్టుల్లో పది శాతం దాటకూడదు, ఇచ్చే మొత్తం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ నెల గ్రాస్ జీతానికి తగ్గకూడదు. ఈ మూడూ పాటిస్తే ఈ వ్యాసం రాయాల్సిన పనే ఉండేది కాదు. 2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన కొత్త ముసాయిదాలో ఆ పది శాతం పరిమితిని తీసేశారు. పాటించని నిబంధనను తీసేస్తే ఏం నష్టం అనిపించవచ్చు గానీ, కోర్టులో చూపించడానికి పనికొచ్చే నిబంధన అది.

అదే 2018 రెగ్యులేషన్లలో పాత సర్వీసు లెక్కించే క్లాజు ఒకటుంది, దాన్ని జాగ్రత్తగా చదవాలి. అడ్‌హాక్, టెంపరరీ, కాంట్రాక్టు, పేరు ఏదైనా సరే, ఆ సర్వీసును కొత్త నియామకానికీ ప్రమోషన్‌కూ లెక్కిస్తారు. షరతులు మూడు. అర్హతలు ఉండాలి, సరైన సెలక్షన్ కమిటీ ద్వారా వచ్చి ఉండాలి, అందుకున్న జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రాస్ జీతానికి తగ్గకుండా ఉండాలి. ఈ మూడో షరతు దగ్గరే మెలిక. సంస్థ తక్కువ జీతమిచ్చింది, అది సంస్థ తప్పు. తక్కువ జీతం తీసుకున్నాడు కాబట్టి పదేళ్ల సర్వీసు లెక్కలోకి రాదు, శిక్ష అధ్యాపకుడికి. కొట్టినవాడిని వదిలేసి దెబ్బలు తిన్నవాడికి జరిమానా వేయడం లాంటిది ఇది. కొత్త రెగ్యులేషన్లలో ఒక్క వాక్యం మార్చమని అడగాల్సి వస్తే అడగాల్సింది ఇదే, ఖజానా మీద ఒక్క రూపాయి భారం లేకుండా వేలమంది అనుభవానికి విలువ వస్తుంది. పరిశోధనలోనూ ఇలాంటి తలుపు మూసే ఉంది, యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం గైడ్‌గా ఉండాలంటే శాశ్వత అధ్యాపకుడై ఉండాలి. మరి ఇంటర్వ్యూకు పోతే పరిశోధన ఏం చేశావని అడుగుతారు.

కోర్టుల సంగతికొస్తే, అధ్యాపకుడు అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద "వర్క్‌మన్" కాదని సుప్రీంకోర్టు 1988లోనే తేల్చేసింది. అంటే ఫ్యాక్టరీ కార్మికుడిలాగా లేబర్ కోర్టుకు పోయే దారి లేదు, ఏదున్నా హైకోర్టులో రిట్ వేసుకోవాలి. తిరుపతి నుంచి అమరావతికి పోయి రావడం, లాయర్ ఫీజు, పైగా రిట్ వేసిన మనిషికి వచ్చే ఏడాది ఆర్డరు వస్తుందా అనే టెన్షన్. అయినా పోరాడినవాళ్లున్నారు, తీర్పులూ వచ్చాయి. ఒకే పని చేస్తున్న తాత్కాలిక ఉద్యోగులకు కనీసం పే స్కేలులో మొదటి మెట్టు జీతం ఇవ్వాలని 2016లో పంజాబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 ఆగస్టులో గుజరాత్ ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీల్లో నెలకు 30,000కు పనిచేస్తున్న కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్లకు కూడా అలాగే కనీస స్కేలు ఇవ్వమంది, బకాయిలతో సహా. సభల్లో గురుబ్రహ్మ గురువిష్ణు అని శ్లోకం చదివితే సరిపోదు, గురువులకు ఇచ్చే జీతంలోనూ ఆ గౌరవం కనిపించాలన్న భావం ఆ తీర్పులో ఉంది. తిరుపతిలో ఏ సెమినార్ అయినా ఆ శ్లోకంతోనే మొదలవుతుంది కాబట్టి ఇక్కడివాళ్లకు ఈ మాట ఇంకాస్త గట్టిగా తగలాలి. కానీ ఆ తీర్పు ఆ కేసు వేసినవాళ్లకు. ఇక్కడ అమలు కావాలంటే ఎవరో ఒకరు మళ్లీ అడగాలి, లేదా ఒక జీవో రావాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత పుట్టింది ఇలాంటి చోటే.

రెగ్యులరైజేషన్ ఎందుకు అంత కష్టమో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ విషయంలో నాయకులు తీయగా మాట్లాడతారు. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, సరైన నోటిఫికేషన్, పోటీ లేకుండా తీసుకున్న తాత్కాలికుల్ని శాశ్వతం చేయడం కుదరదంది. మంజూరైన పోస్టుల్లో పదేళ్లకు పైగా పనిచేసినవాళ్లకు ఒక్కసారి మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఆ తీర్పును అడ్డుపెట్టుకుని ఏళ్ల తరబడి మనుషుల్ని తాత్కాలికంగానే వాడుకోవడం తప్పని అదే కోర్టు 2024 డిసెంబరులో ఇంకో కేసులో గట్టిగానే చెప్పింది. ఈ రెండింటి మధ్య ఎక్కడ నిలబడతారన్నది చాలావరకు ఒకే విషయం మీద ఆధారపడుతుంది: మొదట ఎలా తీసుకున్నారు? పేపర్లో ప్రకటన వచ్చిందా, రోస్టర్ పాటించారా, కమిటీ ఇంటర్వ్యూ చేసిందా, ఆ పోస్టు మంజూరైనదేనా? విభాగం పెద్ద, అంటే హెచ్‌ఓడీ, ఫోన్ చేసి "రేపటి నుంచి రా అబ్బాయ్" అంటే చేరిన ఉద్యోగానికి ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు ఉండదు.

ఇంకో వైపు నుంచి చూస్తే ఉన్నవాళ్లందరినీ ఒక్క కలంపోటుతో పర్మనెంట్ చేస్తే, నిన్న మొన్న లెక్చరర్ల అర్హత పరీక్ష నెట్ పాసై పీహెచ్‌డీ ముగించి నోటిఫికేషన్ కోసం కూర్చున్న పిల్లలకు పదేళ్లు దారి మూసుకుపోతుంది. రోస్టర్ లేకుండా తీసుకున్న చోట ఎస్సీ, ఎస్టీ, బీసీ అభ్యర్థులకు దక్కాల్సిన పోస్టులు గల్లంతవుతాయి. ఇది చెప్తే కన్సల్టెంట్ల మీద కోపంతో చెప్పినట్టు అనిపిస్తుంది, కానీ కాదు. నోటిఫికేషన్ ఇవ్వకుండా ఏళ్లు గడిపింది వాళ్లు కాదు. 2023 చివర్లో రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 3,220 అధ్యాపక పోస్టులకు ప్రక్రియ మొదలైంది, ఎన్నికల లోపు పూర్తి కాలేదు. అన్ని వేల పోస్టులు ఖాళీ అంటే ఆ పాఠాలు ఇన్నాళ్లూ ఎవరు చెప్పారో వేరే చెప్పాలా?

బయట ఏం చేశారో రెండు ముక్కల్లో. హరియాణా 2024లో తన ప్రభుత్వ కాలేజీల్లోని ఎక్స్‌టెన్షన్, గెస్ట్ లెక్చరర్లకు సర్వీసు భద్రత చట్టం చేసింది. రెగ్యులర్ అనే ముద్ర వేయకుండానే, నిర్ణీత కాలం పనిచేసినవాళ్లను రిటైర్మెంటు వయసు దాకా తీసేయకూడదనే హామీ అది. జపాన్‌లో 2013 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం అయిదేళ్లకు మించి, పరిశోధకులైతే పదేళ్లకు మించి వరసగా కాంట్రాక్టు మీద ఉంటే గడువులేని ఉద్యోగం అడిగే హక్కు వస్తుంది. దాంతో కొన్ని విశ్వవిద్యాలయాలు గడువుకు ముందే రెన్యువల్ ఆపేసే పని మొదలుపెట్టాయి. పర్మనెంట్ చేసే గీత ఒకటి గీసి రోజువారీ రక్షణలు లేకుండా వదిలేస్తే, ఆ గీతకు ఒక అడుగు ముందే మనిషిని దింపేస్తారన్నమాట. కెనడాలో వాంకూవర్ కమ్యూనిటీ కాలేజీ పద్ధతి ఇంకోలా ఉంటుంది: పార్ట్‌టైమ్ అయినా ఫుల్‌టైమ్ అయినా ఒకటే పే స్కేలు, సగం పని చేస్తే సగం జీతం, అంతే. గంటల రేటు గొడవే లేదు.

ఆ చివరిది తిరుపతికి పట్టుకురావడం అంత కష్టమేం కాదు. వారానికి ఎనిమిది గంటల క్లాసుంటే సగం పోస్టు, పన్నెండు గంటలుంటే ముప్పావు, ఆ లెక్కన నెల జీతం పన్నెండు నెలలూ ఇస్తే చాలు. సగం పోస్టుకు సగం బేసిక్ అంటే నెలకు 28,850. ప్రిపరేషన్, పేపర్లు, వేసవి అన్నీ ఆ లెక్కలోనే వచ్చేస్తాయి. వాన పడితే కోత ఉండదు. సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుల్లో జీతం పిల్లల ఫీజుల మీద, ఆ ఫీజులు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడతాయి కాబట్టి డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదని రిజిస్ట్రార్లు అంటారు, అందులో నిజం ఉంది. కానీ కరెంటు బిల్లు ఆలస్యంగా కట్టరు కదా. ఆలస్యాన్ని మోయాల్సింది సంస్థా, నెలకు ముప్పై వేలవాడా అన్నదే ప్రశ్న.

ప్రభుత్వాన్ని అడగకుండానే చేయగలిగినవి ఇంకా ఉన్నాయి, వీటికి కావలసింది ఒక సర్క్యులర్. ఆర్డరు సెమిస్టర్ మొదలయ్యే ముందే చేతికి రావాలి, మధ్యలో పాత తేదీ వేసి ఇవ్వడం కాదు. రెన్యువల్ చేయకపోతే రెండు నెలల ముందు రాతపూర్వకంగా, కారణంతో చెప్పాలి. అడ్మిషన్లు తగ్గి వర్క్‌లోడ్ పడిపోతే ఎవరిని ముందు తగ్గించాలన్నదానికి సీనియారిటీ జాబితా ఒకటి నోటీసు బోర్డు మీద ఉండాలి. ఇది ఇప్పుడు మరీ అవసరం, ఎందుకంటే 2023-24 నుంచి డిగ్రీలో సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) విధానం వచ్చాక కొన్ని సబ్జెక్టుల్లో గంటలు ఒక్కసారిగా మారిపోయాయి. జాబితా లేకపోతే హెచ్‌ఓడీకి దగ్గరివాడు మిగులుతాడు, మిగతావాడు ఇంటికి. చివరి నిమిషంలో సబ్జెక్టు రద్దయితే అప్పటికే తయారైన మనిషికి కనీసం ఒక నెల జీతం ఇవ్వాలి. బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఒక కుర్చీ వేయాలి, సిలబస్ చెప్పేవాళ్లకు సిలబస్ మీద మాట లేకపోవడం ఏమిటో. గుర్తింపు కార్డు, లైబ్రరీ కార్డు ఆర్డరు గడువుతో పాటు చచ్చిపోకూడదు. కుర్చీ, బల్ల, బీరువాలో ఒక అర అడగడం కూడా డిమాండు కావడం సిగ్గుచేటే అయినా అడగక తప్పదు.

ఆడవాళ్ల విషయంలో ఇంకో మాట. 1961 ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో జరిగిన సవరణతో మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది, అంతకుముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లోనూ అదే ఉంది. కాంట్రాక్టు గడువు మధ్యలో ముగిసినా ఆ ప్రయోజనం ఆగదని ఢిల్లీలో ఒక కాంట్రాక్టు డాక్టరు కేసులో సుప్రీంకోర్టు 2023లో తేల్చింది. కానీ జరిగేది వేరు. ఏడో నెలలో ఆర్డరు ముగుస్తుంది, తర్వాత కాన్పు, తిరిగి వచ్చేసరికి ఆ క్లాసులు ఇంకొకరికి. ఎవరూ తీసేయలేదు, రెన్యువల్ కాలేదంతే. ఎవరి మీద ఫిర్యాదు చేయాలి? లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 తాత్కాలిక, అడ్‌హాక్, రోజువారీ ఉద్యోగులందరికీ వర్తిస్తుందని స్పష్టంగా రాసి ఉన్నా, రెన్యువల్ సంతకం పెట్టే చేతి మీదే ఫిర్యాదు చేయాల్సి వస్తే ఆ చట్టం గోడమీద పోస్టరుగా మిగిలిపోతుంది. అందుకే రెన్యువల్ నిర్ణయం ఒక్క హెచ్‌ఓడీ చేతిలో కాకుండా, వేరే విభాగం వాళ్లున్న కమిటీ చేతిలో ఉండాలి.

రెగ్యులర్ అధ్యాపకులు ఈ విషయంలో ఎక్కువగా మాట్లాడరు. కొందరికి జాలి ఉంది, కొందరికి తమ పేపర్లు దిద్దిపెట్టే మనిషి ఉంటే హాయిగా ఉంది. వాళ్ల సంఘాలు డీఏ బకాయిల మీద పెట్టే శ్రద్ధలో పదో వంతు పెట్టినా పైన చెప్పిన సర్క్యులర్ వచ్చేస్తుంది. వాళ్లు రిటైరైన కొద్దీ ఆ పోస్టులు గంటల లెక్కలోకి మారిపోతున్నాయి, ఇలాగే నడిస్తే సంఘంలో సభ్యులే మిగలరు.

ఈలోగా ఎవరికివాళ్లు చేసుకోగలిగింది కాగితాలు దాచుకోవడం. ప్రతి సెమిస్టర్ హెచ్‌ఓడీ సంతకమున్న టైమ్ టేబుల్, ఆర్డరు కాపీ, దరఖాస్తు చేసిన నోటిఫికేషన్ కటింగు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, వాల్యుయేషన్ ఆర్డర్లు, ఇన్విజిలేషన్ డ్యూటీ చార్టులు, న్యాక్ పనికి పెట్టుకున్న ఈమెయిళ్లు. రేపు కోర్టులోనో ఇంటర్వ్యూలోనో "ఇక్కడ పనిచేశావని ఆధారమేంటి" అన్నప్పుడు పనికొచ్చేవి ఇవే. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఏ ఏడాదికి ఆ ఏడాదే తీసుకోవాలి, అయిదేళ్లవి ఒక్కసారి అడిగితే పాత హెచ్‌ఓడీ రిటైరై ఉంటాడు, ఫైలు ఏ గదిలో ఉందో ఎవరికీ తెలియదు. ఆ సర్టిఫికెట్‌లో తేదీలు, వారానికి గంటలు, ఏ సబ్జెక్టు, ఏ కమిటీ ద్వారా ఎంపికయ్యారు, నెలకు ఎంత ఇచ్చారు అన్న అయిదూ ఉండేలా చూసుకోవాలి. "సంతృప్తికరంగా పనిచేశారు" అనే ఒక్క వాక్యం మీద సంతకం పెట్టి ఇస్తే, అది తీసుకోకుండా అక్కడే నిలబడి అడగాలి.